పీజీ గిరాకీ అంకెల వెనుక ఏముందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పీజీ ప్రవేశాలు ముగిసినప్పుడల్లా ఒకే తరహా వార్తలు కనిపిస్తుంటాయి. ఫలానా శాఖలో సగం సీట్లు మిగిలిపోయాయని, డేటా సైన్స్‌కూ బిజినెస్ అనలిటిక్స్‌కూ దరఖాస్తులు వెల్లువెత్తాయని, కాబట్టి మొదటిదాన్ని మూసేసి రెండోవాటికి సీట్లు పెంచడమే విశ్వవిద్యాలయాలకు మేలని వాటి సారాంశం. విద్యార్థులు కోరేదే ఇస్తున్నప్పుడు ఇక అభ్యంతరం ఏమిటని అడిగితే చప్పున జవాబు దొరకదు. పీజీ తరగతులకు చాలాకాలం పాఠాలు చెప్పిన వ్యక్తిగా ఆ జవాబు చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ఏ కోర్సులో చేరాలన్నది విద్యార్థి అభిరుచి ఒక్కటే తేల్చే విషయం కాదు. చదువు ముగిశాక ఎన్నాళ్లు పనిచేసుకోనిస్తారు, బ్యాంకు ఎంతవరకు అప్పిస్తుంది, ఆ వృత్తిలో అడుగుపెట్టడానికి ఏ పట్టా అడుగుతున్నారు, ఆ ఏడాది ఉద్యోగాల పరిస్థితి ఎలా ఉంది అన్నవన్నీ కలిసి ఆ నిర్ణయాన్ని మలుస్తాయి. వీటిలో ఒక్కటి మారినా రెండు మూడేళ్లలో గిరాకీ తలకిందులవుతుంది. అలా మారిపోయే అంకెను పట్టుకుని ఒక శాస్త్రం విలువను నిర్ణయించడం సరికాదన్నదే నా వాదన.

ముందుగా పట్టాల స్వరూపం సంగతి. మాస్టర్స్ డిగ్రీ అన్ని దేశాల్లోనూ మొదటి నుంచీ విడి మెట్టుగా లేదు. జర్మనీలో డిప్లోమ్ వంటి పట్టాలు సుమారు ఐదేళ్ల ఏకబిగి చదువుకు ఇచ్చేవారు. 1999లో 29 ఐరోపా దేశాలు తమ ఉన్నత విద్యా పట్టాలను ఒకే తీరుకు తెచ్చుకునే బొలోన్యా ప్రకటనపై సంతకాలు చేశాక ఆ చదువు బ్యాచిలర్, మాస్టర్స్ అనే రెండు భాగాలుగా విడిపోయింది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో మొదటి భాగం పూర్తిచేసిన వారిలో అధికులు రెండో భాగంలోకి కొనసాగుతున్నారంటే, అక్కడి యువతకు కొత్తగా ఉన్నత విద్యపై మోజు పుట్టిందని అర్థం చేసుకోకూడదు. పాత చదువునే రెండు పేర్లతో చదువుతున్నారు. భారత్‌లోనూ 2020 జాతీయ విద్యా విధానం అలాంటి మార్పునే తెచ్చింది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి మాస్టర్స్ ఒక్క ఏడాదే సరిపోతుంది. ఎంఫిల్ రద్దయింది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నేరుగా పీహెచ్‌డీకి అర్హులవుతారు. కాబట్టి ఇకముందు రెండేళ్ల ఎమ్మేలోనో ఎమ్మెస్సీలోనో చేరేవారు తగ్గితే, దానికి ఆ విషయంపై ఆసక్తి తగ్గడమే కారణమని తొందరపడి తేల్చకూడదు. చదువు కాలమే కుదించుకుపోయిందా అన్నది ముందు చూడాలి.

వీసా నిబంధనల ప్రభావం ఇంతకన్నా చాలా పెద్దది. బ్రిటన్ ఉదాహరణ చూడండి. చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చూసుకునే వీసాను ఆ దేశం 2012లో ఎత్తివేసింది. కొద్ది కాలంలోనే భారత్ నుంచి కొత్తగా వెళ్లి చేరేవారి సంఖ్య సగానికి పడిపోయింది. రెండేళ్ల అవకాశాన్ని తిరిగి ఇస్తామని 2019లో ప్రకటించి, 2021లో ‘గ్రాడ్యుయేట్ రూట్’ పేరుతో అమలు చేయగానే భారత్, నైజీరియాల నుంచి ఏడాది మాస్టర్స్ కోర్సులకు వెల్లువ మొదలైంది. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులవారు తప్ప మిగతా విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకురాకూడదన్నారు. సంఖ్య మళ్లీ పడింది. నైజీరియా విషయంలో 2023లో ఆ దేశ కరెన్సీ నైరా విలువ కుప్పకూలడం కూడా తోడైంది. ఈ పన్నెండేళ్లలో బ్రిటన్‌లోని గ్రంథాలయాలు, ఆచార్యులు, పాఠ్యాంశాలు అంతగా మారిపోలేదు. మారింది విమానాశ్రయంలో అడిగే కాగితం.

కెనడా 2024లో విదేశీ విద్యార్థుల సంఖ్యపై పరిమితి పెట్టినప్పుడు మొదట మాస్టర్స్, పీహెచ్‌డీ వారిని మినహాయించి, మరుసటి ఏడాది వారినీ అందులోకి లాగింది. ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి, చదువు తర్వాత పనిచేసుకునే వీసాకు ఉన్న వయోపరిమితిని చాలామందికి 50 ఏళ్ల నుంచి 35కు తగ్గించింది. పదేళ్లో పదిహేనేళ్లో ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టుకుని, మళ్లీ చదువుకుందామనుకున్న వ్యక్తికి ఈ ఒక్క నిబంధనతో ఆ దేశం దారి దాదాపు మూసుకుపోయినట్టే. అటువంటివారు దరఖాస్తు చేయకపోతే ఆ కోర్సుకు ఆదరణ తగ్గిందని నమోదవుతుంది. అది ఆ కోర్సు తప్పు ఎలా అవుతుంది?

అమెరికా సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ చదువు ముగిశాక పన్నెండు నెలలు పనిచేసుకునే అవకాశం విదేశీ విద్యార్థులందరికీ ఉంది. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం అనే జాబితాలో ఉన్న కోర్సులవారికి 2008లో మరో 17 నెలలు కలిపారు; 2016లో ఆ పొడిగింపును 24 నెలలకు పెంచారు. దీనికి తోడు, ఏటా ఇచ్చే హెచ్-1బీ వీసాల్లో 65,000కు అదనంగా 20,000 అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకన్నా పై పట్టా పొందినవారికే కేటాయించారు. ఫలితం ఊహించుకోవచ్చు. అనేక ఆర్థికశాస్త్ర విభాగాలు తమ కోర్సును ప్రభుత్వ వర్గీకరణలో, ఆ జాబితాలోకి వచ్చే ‘ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’ అనే కోడ్ కిందకు మార్చుకున్నాయి. బిజినెస్ స్కూళ్లు తమ ఎంబీఏలను కూడా ఆ జాబితాలో చేర్పించుకునేందుకు పోటీపడ్డాయి. కొన్నిచోట్ల పాఠ్యాంశాలూ నిజంగానే మారి ఉంటాయి, కాదనను. కానీ చాలామంది విదేశీ విద్యార్థులు రెండు కోర్సులను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ముందుగా వెతికేది ఆ కోడ్‌నే. వారిని తప్పుపట్టడానికి లేదు. పెద్ద మొత్తం అప్పు చేసి వెళ్లేవారికి పన్నెండు నెలలకూ ముప్పయ్యారు నెలలకూ మధ్య తేడా అప్పు తీరడానికీ తీరకపోవడానికీ మధ్య ఉన్న తేడా. ఈ లెక్క తెలియకుండా, చరిత్ర ఎవరూ చదవడం లేదని, సాహిత్యం పట్ల యువతకు ప్రేమ పోయిందని నిట్టూర్చడం న్యాయం కాదు.

ఉద్యోగ విపణి సంగతికి వస్తే, పీజీ చదువుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఉద్యోగాలు తగ్గినప్పుడు చేరికలు పెరుగుతాయి. ఖాళీగా కూర్చోవడం కన్నా రెండేళ్లు చదువుకోవడం మేలని యువత అనుకోవడంలో అసహజమేమీ లేదు. 2008 మాంద్యం తర్వాత అమెరికాలో ఇదే జరిగింది. అయితే ఈ ఆశ్రయం ఎల్లకాలం పనిచేయదు. చైనాలో మాస్టర్స్ ప్రవేశ పరీక్ష రాయడానికి 2023లో 47.4 లక్షల మంది దరఖాస్తు చేశారు. అది అప్పటికి రికార్డు. 2024లో 43.8 లక్షలకు, 2025లో 38.8 లక్షలకు ఆ సంఖ్య దిగింది. ఆ కాలంలో అక్కడ యువతకు ఉద్యోగాలు తేలికగా దొరకడం మొదలైందని ఎవరూ అనలేదు. మాస్టర్స్ పట్టాతో బయటికి వచ్చిన అన్నలూ అక్కలూ కూడా అదే వరుసలో నిలబడటం తమ్ముళ్లు చూశారు. చదువు ద్వారా గడువు కొనుక్కోవడం కన్నా నేరుగా ప్రభుత్వోద్యోగ పరీక్షకు సిద్ధం కావడం మేలని చాలామంది అటు మళ్లారు. అంటే ఒకే నిరుద్యోగం మొదట గిరాకీని పెంచి, తర్వాత దించింది.

ఇందులో ఉన్న కాలవ్యవధి చిక్కును ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1970లలోనే వివరించారు. ఇంజినీర్లకు జీతాలు ఎక్కువగా ఉన్న ఏడాది ఎక్కువ మంది ఆ చదువులో చేరతారు. వారంతా కొన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా బయటికి వచ్చేసరికి జీతాలు పడిపోతాయి. అది చూసి తర్వాతి బృందం వెనక్కి తగ్గుతుంది. ఆపైన కొరత వచ్చి జీతాలు మళ్లీ పెరుగుతాయి. ఒక పంటకు నిరుడు మంచి ధర పలికిందని ఈ ఏడాది ఊరంతా అదే వేసి నష్టపోయే రైతుల కథే ఇది. అమెరికాలో న్యాయవిద్య ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడ లా డిగ్రీ మొదటి డిగ్రీ తర్వాతే చదువుతారు. 2010లో మొదటి ఏడాది చేరినవారు సుమారు 52,000 మంది. మాంద్యంలో లా సంస్థలు నియామకాలు తగ్గించిన సంగతీ, కళాశాలలు ప్రకటించిన ఉద్యోగ శాతాల్లో పార్ట్‌టైమ్ పనులు కూడా కలిసి ఉన్న సంగతీ బయటపడ్డాక, 2013 నాటికి ఆ సంఖ్య 40,000 లోపుకు పడిపోయింది. న్యాయశాస్త్రం అవసరం సమాజానికి ఆ మూడేళ్లలో నాలుగో వంతు తగ్గిందని ఎవరైనా నమ్ముతారా?

కంప్యూటర్ సైన్స్ కూడా ఈ దెబ్బ తిన్నదే. ఇప్పుడు అందరూ ఎగబడే ఈ విషయంలో, డాట్‌కామ్ పతనం (2000 ప్రాంతంలో ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలడం) తర్వాత అమెరికాలో చేరికలు ఏళ్ల తరబడి పడిపోతూ వచ్చాయి. అప్పటి అంకెలను చూసి విభాగాలు మూసేసి ఉంటే తర్వాతి దశాబ్దపు విస్తరణకు పాఠం చెప్పేవారే ఉండేవారు కాదు. దీనికన్నా లోతైన ఉదాహరణ ఒకటి ఉంది. నేటి కృత్రిమ మేధకు మూలమైన, మెదడులోని నాడీకణాల అల్లిక స్ఫూర్తితో రూపొందిన న్యూరల్ నెట్‌వర్క్‌లపై పనిచేసినవారు దశాబ్దాల పాటు ఆదరణ లేని మూలలో ఉండిపోయారు. జాన్ హాప్‌ఫీల్డ్ భౌతికశాస్త్రం నుంచి వచ్చి ఈ అంశంపై 1982లో ప్రసిద్ధ పరిశోధన పత్రం రాశారు. జెఫ్రీ హింటన్ తొలి డిగ్రీ ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రంలో. వీరిద్దరికీ 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ రోజు కృత్రిమ మేధ మాస్టర్స్ సీటు కోసం పోటీపడుతున్న విద్యార్థి, నిన్నటి వరకు ఎవరూ అడగని చదువు ఫలితాన్నే అడుగుతున్నాడు. ఆ కోర్సు కింద ఉన్న గణితం, సాంఖ్యకశాస్త్రం, భాషాశాస్త్రం విభాగాల్లో సీట్లు మిగిలాయని వాటిని తీసేస్తే పైన కట్టిన కోర్సును ఎవరు బోధిస్తారు?

అప్పు దొరికే తీరు కూడా గిరాకీని పెంచుతుంది, తుంచుతుంది. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదువుకు ప్రభుత్వ రుణాలు 2016–17లో ప్రవేశపెట్టగానే స్వదేశీ విద్యార్థుల చేరికలు గణనీయంగా పెరిగాయి. అంతకు ముందు వారికి ఆసక్తి లేక కాదు, డబ్బు లేక చేరలేదని దీంతో తేలింది. అమెరికాలో కోర్సు ఖర్చు మొత్తానికి అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ పథకం 2006లో మొదలై, 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్తవారికి నిలిచిపోతోంది. మామూలు మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణానికి మొత్తం మీద లక్ష డాలర్ల గరిష్ఠ పరిమితి వచ్చింది. ఖరీదైన కోర్సులను ఎంచుకునేవారు తగ్గితే, ఆ తగ్గుదలను ఈ చట్టంతో కలిపి చదవాలి.

ఆన్‌లైన్ చదువు గురించి మాత్రం సాధారణంగా వినిపించే భయం నిజమని తేలలేదు. దూరం నుంచి తక్కువ ఫీజుతో చదువుకోవచ్చంటే తరగతి గదులు ఖాళీ అవుతాయని చాలామంది అనుకున్నారు. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను ఆన్‌లైన్లో మొదలుపెట్టినప్పుడు పరిశోధకులు దరఖాస్తుదారులను పరిశీలించారు. క్యాంపస్ కోర్సు అడిగిన సాధారణ అభ్యర్థి 24 ఏళ్ల వయసులో అప్పుడే డిగ్రీ ముగించిన విదేశీ విద్యార్థి. ఆన్‌లైన్ కోర్సు అడిగినది 34 ఏళ్ల వయసున్న, ఉద్యోగం చేస్తున్న అమెరికన్. రెండింటికీ దరఖాస్తు చేసినవారు దాదాపు లేరు. ఉద్యోగం మానలేక, ఇల్లు వదలలేక అంతవరకు ఏ లెక్కలోకీ రాని విద్యార్థులు అక్కడ కనిపించారు. నాకు ఈ ఫలితం ఎంతో ముఖ్యమనిపిస్తుంది. గిరాకీ లేదని మనం అనుకున్న చోట, మనం అడిగిన తీరులో రాలేని మనుషులు ఎంతమంది ఉన్నారో ఇది చూపించింది. పిల్లల పెంపకం వల్ల చదువు మధ్యలో ఆపిన మహిళలకు సాయంత్రపు తరగతి, వారాంతపు తరగతి, భాగాలుగా పూర్తిచేసుకునే క్రెడిట్ల పద్ధతి ఉంటే, ఖాళీగా ఉందంటున్న అదే శాఖ నిండవచ్చు. ముందు అది ప్రయత్నించి చూశారా అని మూసివేత కోరేవారిని అడగాలి.

దీనికి వ్యతిరేక దిశలో, అవసరం లేని చోట గిరాకీని పుట్టించే శక్తులూ ఉన్నాయి. పట్టా అంటే అందులో నేర్చుకున్నది మాత్రమే కాదని, ఎవరికి ఎంత సామర్థ్యం ఉందో యజమానికి తెలిపే సంకేతంగా కూడా అది పనిచేస్తుందని ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో సిద్ధాంతీకరించారు. అందరికీ డిగ్రీ ఉన్నప్పుడు ప్రత్యేకంగా కనిపించడానికి మాస్టర్స్ కావాలి. అది కూడా అందరికీ వస్తే ఇంకొకటి. కొన్ని వృత్తుల్లో దీన్ని నిబంధనగానే మార్చారు. అమెరికాలో ఫిజియోథెరపీకి ఒకప్పుడు బ్యాచిలర్ డిగ్రీ సరిపోయేది. 2016 నుంచి గుర్తింపు పొందే కోర్సులన్నీ డాక్టరేట్ స్థాయివే. ఫిన్‌లాండ్ పాఠశాల ఉపాధ్యాయులకు మాస్టర్స్‌ను 1970ల చివరి నుంచే తప్పనిసరి చేసింది. అక్కడ అది బోధన నాణ్యతకు, ఆ వృత్తి గౌరవానికి తోడ్పడిందని నేను నమ్ముతాను. ప్రతిచోటా ఫలితం అలా ఉండదు. పనిలో ఏ మార్పూ లేకుండా అర్హత మాత్రమే పెంచితే, రెండేళ్ల కాలాన్నీ ఫీజునూ పేద కుటుంబాల నుంచి అదనంగా వసూలు చేసినట్టవుతుంది.

విశ్వవిద్యాలయాల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ప్రభుత్వ నిధులు చాలని చోట పీజీ ఫీజులే ఆదాయం. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో విదేశీ మాస్టర్స్ విద్యార్థుల ఫీజులతోనే పరిశోధన ఖర్చులో కొంత భాగాన్ని నెట్టుకొస్తున్నారు. అందువల్ల కొత్త పేర్లతో కోర్సులు పెట్టి, ఒకే అంశాన్ని నాలుగు పట్టాలుగా అమ్మాలనే ఒత్తిడి వారిపై ఉంటుంది. అయితే ఒక విభాగాన్ని మూయడానికి ఒక సమావేశం చాలు; తిరిగి నిర్మించడానికి ఒక తరం పడుతుంది. ప్రయోగశాల పరికరాలను మళ్లీ కొనవచ్చు. పరిశోధన విద్యార్థిని పీహెచ్‌డీ దాకా నడిపించి, ఆ తర్వాత అధ్యాపకుడిగా నిలబెట్టే పరంపర తెగితే దాన్ని కొనలేం. అందుకే చేరికలను కనీసం పదేళ్ల వ్యవధిలో చూడాలని, ఆ కాలంలో వీసా, రుణం, కోర్సు కాలపరిమితి, ఫీజు ఏమేమి మారాయో పక్కనే రాసుకున్నాకే నిర్ణయానికి రావాలని కోరుతున్నాను. పక్క విశ్వవిద్యాలయాలతో కలిసి ఒకే విభాగాన్ని నడుపుకోవడం వంటి మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి.

విద్యార్థుల పక్షాన ఒక్క మాట. తమ కోర్సు చదివినవారికి ఏమైందో చెప్పకుండా ఫీజు కట్టించుకునే హక్కు ఏ సంస్థకూ ఉండకూడదు. బ్రిటన్‌లో చదువు ముగిసిన సుమారు 15 నెలలకు పట్టభద్రులందరినీ అడిగే సర్వే ఉంది. అమెరికా ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ ద్వారా మాస్టర్స్ కోర్సుల వారీగా కూడా ఆదాయం, అప్పు వివరాలు చూపిస్తోంది. నూటికి ఇంతమందికి ఉద్యోగాలని ప్రకటించే ప్రతి సంస్థా, ఆ నూరు ఎవరో, జవాబివ్వనివారు ఎందరో, మధ్యలో మానినవారు ఎందరో, ఆ ఉద్యోగాలు చదివిన అంశానికి సంబంధించినవో కావో తెలపాలి. గరిష్ఠ వేతనం గురించిన ప్రకటన విద్యార్థికి ఎందుకూ పనికిరాదు. వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న వ్యక్తికి ఎంత వస్తోందన్నది కావాలి.

పత్రికగా మీరు చేయగలిగింది కూడా ఉంది. వచ్చే ప్రవేశాల సమయంలో మిగిలిన సీట్ల పట్టిక ప్రచురించినప్పుడు, దాని పక్కనే ఆ ఏడాది మారిన వీసా, రుణ, అర్హత నిబంధనలనూ ఒక పట్టికగా ఇవ్వండి. వీలైతే చేరినవారిలో కొందరిని, చేరాలనుకుని మానుకున్నవారిలో కొందరిని ఎందుకని అడిగి రాయించండి. మానుకున్నవారి కారణాలు ఇంతవరకు ఏ ప్రవేశాల కమిటీ ముందుకూ వెళ్లినట్టు నాకు కనిపించలేదు.

భవదీయుడు,
పీజీ తరగతుల పూర్వ అధ్యాపకుడు